దూదిని కరిగించే లవణం

దూది నీటిలో తడుస్తుంది, ఉడుకుతుంది, కాని కరగదు. వేడిచేస్తే మైనంలా ద్రవించదు, మాడిపోతుంది. గ్లూకోజు అణువులతో ఏర్పడిన పొడవాటి గొలుసులే సెల్యులోజు. ఆ గొలుసులు హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి గట్టిగా అంటిపెట్టుకొని ఉంటాయి. కలప గుజ్జునుండి దారం తీయాలంటే ముందుగా ఈ బంధాలను విడదీయాలి.

1892లో ఇంగ్లండులో క్రాస్, బెవాన్, బీడిల్ అనువారు రూపొందించిన విస్కోస్ పద్ధతిలో, కాస్టిక్ సోడా, కార్బన్ డై సల్ఫైడులతో సెల్యులోజును వేరొక పదార్థంగా మార్చి కరిగిస్తారు. ఆమ్లపు తొట్టిలో అది తిరిగి సెల్యులోజు దారమవుతుంది. మనం ధరించే రేయాన్ ఇదే. అయితే కార్బన్ డై సల్ఫైడు ఆవిరి నాడీమండలాన్ని దెబ్బతీస్తుంది. ఆ మూల్యం చెల్లించినవారు రేయాన్ మిల్లుల కార్మికులు.

దీనికి ప్రత్యామ్నాయంగా వచ్చినవే అయానిక ద్రవాలు. వంట ఉప్పు 801 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని ద్రవం కాదు. అయాన్లలో ఒకటి పెద్దదిగా, వంకరటింకరగా ఉంటే అవి స్ఫటికంగా సరిగా ఒదగలేవు. అటువంటి లవణం 100 డిగ్రీల లోపే ద్రవమవుతుంది. అది దాదాపుగా ఆవిరి కాదు కనుక విషవాయువుల బెడద ఉండదు. 2002లో అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయంలో రాబిన్ రోజర్స్ బృందం, బ్యుటైల్ మిథైల్ ఇమిడజోలియం క్లోరైడు సెల్యులోజును యథాతథంగా కరిగిస్తుందని నిరూపించింది. క్లోరైడు అయాన్లు గొలుసుల మధ్య బంధాలను తెంచుతాయి. మైక్రోవేవ్ వేడితో బరువులో 25 శాతం వరకు కరిగింది. నీరు కలిపితే చాలు, సెల్యులోజు మరల బయటపడుతుంది.

ఫిన్లండులో ఆల్టో విశ్వవిద్యాలయంవారు వేరొక అయానిక ద్రవంతో బర్చ్ కలపనుండి దారం తీశారు. ఆ దారంతో చేసిన గౌనును 2018లో ఆ దేశాధ్యక్షుని సతీమణి స్వాతంత్ర్యదిన విందుకు ధరించారు.

ఒక గౌను కుట్టడం వేరు, రోజుకు టన్నులకొద్దీ దారం తీయడం వేరు. పది శాతం ద్రావణంలో కిలో సెల్యులోజుకు తొమ్మిది కిలోల లవణం ఉంటుంది. అందులో ఒక్క శాతం నష్టపోయినా కిలో దారానికి 90 గ్రాముల ఖరీదైన రసాయనం మురుగునీటి పాలు. ఆవిరి కానంత మాత్రాన హాని లేనిదనుకోరాదు. వీటిలో పలు లవణాలు జలచరాలకు విషమే. పైగా స్వేదనం చేసి శుద్ధి చేయడం కష్టం కనుక మలినాలు అందులోనే పేరుకుంటాయి. క్లోరైడు ఉక్కును తినివేస్తుంది. అన్నింటికీ మించి, దారం గట్టిపడేందుకు కలిపిన నీటినంతా తిరిగి తొలగించాలి. ఒక శాతానికి మించి నీరు మిగిలితే క్లోరైడు లవణానికి కరిగించే శక్తి క్షీణిస్తుంది. ఆ చివరి తేమను వదిలించడానికి ఎంత స్టీము ఖర్చవుతుందో మన బాయిలరు విభాగంవారికి వేరే చెప్పనక్కరలేదు.