మన ఊరి గాలికి ఏ జల్లెడ?

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు బారులు తీరే రోజుల్లో ఎప్పుడైనా ఆ దారిన బండి మీద వెళ్లారా? గేటు ఇంకా ఫర్లాంగు దూరం ఉండగానే ముక్కు చెప్పేస్తుంది... మిర్చి దిగిందని. రెండు తుమ్ములు, నాలుగు దగ్గులు, కళ్లలో నీళ్లు. ఆ కాస్త దూరం దాటగానే మనం మర్చిపోతాం. మరి ఆ చుట్టుపక్కలే కాపురం ఉండేవాళ్ల సంగతి?

మా ఇల్లు ఆ చుట్టుపక్కలే. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. రెండేళ్ల కిందట చలికాలంలో మా చిన్నోడికి దగ్గు పట్టుకుని వదల్లేదు. రాత్రిళ్లు పిల్లికూతలు. 'దుమ్ముకు దూరంగా ఉంచండి' అన్నారు డాక్టరు. ఈ ఊళ్లో దుమ్ముకు దూరంగా అంటే ఎక్కడ? ఆ కంగారులో ఓ దుకాణానికి పరుగెత్తి, నాలుగు వేలు పెట్టి గాలి శుద్ధి చేసే యంత్రమొకటి తెచ్చాం. నీలిరంగు దీపం ముచ్చటగా వెలిగింది. దగ్గు మాత్రం తగ్గలేదు. వెనక మూత తీసి చూస్తే... లోపల ఫిల్టరే లేదు!

ఏం కొనాలో తెలియకపోవడం తర్వాతి మాట. అసలు ఏ గాలి పీలుస్తున్నామో తెలియదని అప్పుడు అర్థమైంది.

ఢిల్లీ కాదు... అయినా!

ముందుగా ఊరటనిచ్చే మాట. గాలి ప్రమాణాలను వరసగా ఐదేళ్లు అందుకోలేని నగరాల కోసం కేంద్రం 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. మన రాష్ట్రం నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు ఆ జాబితాకెక్కాయి. వరంగల్ పేరు అందులో లేదు.

అలాగని నిశ్చింతగా ఉండొచ్చా? గాలిలో తేలే ధూళిలో 10 మైక్రాన్ల లోపున్నది పీఎం10. ఇది ముక్కులో, గొంతులో ఎక్కువగా ఆగిపోతుంది. 2.5 మైక్రాన్ల లోపున్నది పీఎం2.5. తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు! నేరుగా ఊపిరితిత్తుల అడుగుకు చేరేది ఇదే. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో ఇది 40 మైక్రోగ్రాములు దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన గీత ఎంతో తెలుసా? 5. అంటే మన లెక్కలో 'పాసైన' గాలి కూడా ఆ లెక్కలో ఎనిమిది రెట్లు మురికి కావచ్చు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 'సమీర్' యాప్‌లో ఏక్యూఐ అంకెలు కనిపిస్తాయి. 50 లోపైతే మంచిది, 100 దాకా ఫర్వాలేదు, 200 దాటితే చెడ్డది. అయితే ఆ అంకె కొలిచే కేంద్రం చుట్టుపక్కలది. మీ వీధిది కాదు.

పేటకో గాలి

మన మూడు ఊళ్ల నగరంలో గాలి అంతటా ఒకటే కాదు. మార్కెట్ పరిసరాల్లో అక్టోబరు నుంచి పత్తి నుసి, ఫిబ్రవరి నుంచి మిర్చి ఘాటు. 1934లో ఆజంజాహీ మిల్లు పెట్టిన ఊరికి పత్తి నుసి కొత్త కాదనుకోండి. ఏళ్ల తరబడి దాన్ని పీలిస్తే బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన మొదటిరోజే ఛాతీ పట్టేయడం దాని గుర్తు. అందుకే దానికి 'సోమవారం జ్వరం' అని పేరు.

హన్మకొండ చౌరస్తా, కాజీపేట దారుల్లో బండ్ల పొగ. శివార్లలో కంకర క్రషర్ల దుమ్ము. మడికొండ దగ్గర రాంపూర్ డంపింగ్ యార్డులో చెత్త అంటుకుంటే ఆ చుట్టుపక్కల పొగ, దుర్వాసన. వీటికి తోడు చలికాలం తెల్లవారుజామున చల్లగాలి నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. పొగ పైకి పోదు. చిన్నోడి దగ్గు డిసెంబరులో ఎందుకు పెరిగిందో ఇప్పుడు తెలిసింది కదా!

దేనికి ఏ ఫిల్టరు?

మీ పేట గాలిని బట్టే ఎంపిక.

నుసి, మట్టిదుమ్ము ఎక్కువైతే: ముందుభాగంలో కడుక్కునే జాలీ తప్పనిసరి. అది లేకపోతే ఖరీదైన లోపలి ఫిల్టరు నెలల్లోనే మూసుకుపోతుంది.

సన్నధూళి, మిర్చి ఘాటు, బండ్ల పొగలోని మసి అయితే: హెపా ఫిల్టరు. అణుబాంబు తయారుచేసిన మన్‌హట్టన్ ప్రాజెక్టు రోజుల్లో రేడియోధార్మిక ధూళిని ఆపడానికి రూపొందించిన జల్లెడకు వారసురాలిది. అసలైన హెపా 0.3 మైక్రాన్ల కణాలను కూడా 99.97 శాతం పట్టేస్తుంది. 'హెచ్13' అని ఉంటే మంచిదే. 'హెపా తరహా', 'హెపా లాంటి' అని రాసుంటే మాత్రం అట్టపెట్టెను మర్యాదగా వెనక్కిచ్చేయండి.

చెత్త పొగ, వాసనలు అయితే: హెపా ఒక్కటే చాలదు. వాయువులు దానిలోంచి దూరిపోతాయి. వాటిని పట్టేది యాక్టివేటెడ్ కార్బన్. నల్లరంగు పూసిన పల్చని స్పాంజి కాదు, చేత్తో పట్టుకుంటే బొగ్గు బరువు తెలియాలి.

మేం కొన్నది అయాన్లు వదిలే రకం. వాటిలో కొన్ని ఓజోన్‌ను పుట్టిస్తాయి. ఆయాసం ఉన్నవాళ్లకు అదే కొత్త శత్రువు. కాబట్టి వాటి జోలికి పోకపోవడమే మేలు.

గదిని కొలవండి

డబ్బా మీద చూడాల్సిన అసలు అంకె సీఏడీఆర్. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో అది చెబుతుంది. 12 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తున్న పడకగదిలో సుమారు 41 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు ఐదుసార్లు శుభ్రపడాలంటే 205 కావాలి. ఆ అంకెను కొలిచేది యంత్రం హోరెత్తే వేగంలో. రాత్రి మనం పెట్టుకునేది నిదానంలో. అందుకే 250 నుంచి 300 ఉన్నది చూసుకుంటే నిశ్చింత.

కరెంటుకు భయపడక్కర్లేదు. 50 వాట్ల యంత్రం రోజుకు ఎనిమిది గంటలు తిరిగితే నెలకు 12 యూనిట్లు. అసలు ఖర్చు ఫిల్టరుది. వాడకాన్ని బట్టి ఆర్నెల్లకో ఏడాదికో మార్చాలి. దాని ధరెంత, ఊళ్లోనే దొరుకుతుందా... కొనకముందే అడగండి.

మరో మాట. తలుపులు, కిటికీలు బార్లా తెరిచిన ఇంట్లో ఈ యంత్రం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. వేసవిలో కూలర్ పెట్టే గదిలోనూ అంతే. కూలర్ బయటి గాలిని లోపలికి తోస్తుంటే ఇది ఎంతని శుభ్రం చేస్తుంది? ఏసీలోని జాలీ పెద్ద దుమ్మునే ఆపుతుంది. అందుకని ఇల్లంతటికీ కాక పిల్లలు, పెద్దవాళ్లు పడుకునే ఒక్క గదికి పెట్టుకోవడమే తెలివి. బయట గాలి బాగున్న వేళ కాసేపు కిటికీలు తెరవాలి కూడా.

ముందు ఇవి ఆర్పండి

కొనేముందు ఇంట్లో మనం చేసే పొగ సంగతి చూసుకోవాలి. ఒక దోమల కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినదానితో సమానమని 2003లో వెలువడిన ఓ అధ్యయనం తేల్చింది. చదివాక గుండె గుభేల్‌మంది. మా చిన్నోడి మంచం కింద రోజూ వెలిగించింది మేమే మరి! ఆ రాత్రి నుంచే దోమతెర కట్టాం. అగరొత్తులు, సాంబ్రాణి పొగ పడకగదిలోకి రాకుండా చూశాం. పోపు పెట్టేటప్పుడు వంటింటి ఫ్యాను తిప్పాం. చీపురు బదులు తడిగుడ్డ వాడాం. వీటికైన ఖర్చు ఒక్క దోమతెరే.

మరి మొక్కలు? నాసా 1989లో చేసిన ప్రయోగంతో వాటికి పేరొచ్చింది. కానీ అది మూసిన చిన్న పెట్టెల్లో, వాయువుల మీద చేసింది. కిటికీ తెరిచినంత ఫలితం ఇంట్లో రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 దాకా మొక్కలు కావాలని 2019లో మరో పరిశీలన తేల్చింది. అందానికి పెంచుకోండి, శ్వాసకు వాటి మీద ఆధారపడకండి.

ఆ తర్వాతే, గది కొలతలు రాసుకెళ్లి హెపా ఉన్న యంత్రం తెచ్చాం. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ మాత్రం ఆపలేదు. ఆపకూడదు కూడా. యంత్రం మందుకు తోడే కానీ మందు కాదు. పోయిన చలికాలం చిన్నోడు దగ్గుతో లేచిన రాత్రులు తక్కువే. అది తెర చలవో, యంత్రం చలవో చెప్పలేం. నెలకోసారి జాలీ కడుగుతుంటే మాత్రం నవంబరులో తెల్లటి నుసి, మార్చిలో మట్టిరంగు నీళ్లు కారతాయి.

అవి చూసినప్పుడల్లా మావాడు అడుగుతాడు... 'నాన్నా, ఇదంతా నా లోపలికి పోయేదా?'