మందుకో బుల్లి పొట్లం

"కేన్సరు మందు గుండెను తినేస్తుందటగా!" అని భయపడ్డారు గుణదలలో మా పొరుగింటి పిన్నిగారు. ఆ భయం ఉత్తది కాదు. డాక్సోరూబిసిన్ అనే మందు మోతాదు పెరిగేకొద్దీ గుండెకు చేటే.

చేదుమాత్రను అరటిపండులో పెట్టి పిల్లలచేత మింగిస్తాం కదూ? అలాగే ఈ మందును, వెంట్రుక మందంలో దాదాపు వెయ్యోవంతుండే కొవ్వు బుడగల్లో నింపి నరానికి ఎక్కిస్తారు. ఇవి నానో రేణువులన్నమాట. కణితి రక్తనాళాల గోడలు జల్లెడలా ఉంటాయి గనుక, బుడగలు అక్కడ ఎక్కువగా దిగి మందు వదులుతాయి. గుండెకు ముప్పు తగ్గుతుంది. 1995లో అమెరికాలో తొలిసారి అనుమతి పొందిన ఈ రకం మందు మన దేశంలోనూ తయారవుతోంది. అండాశయ, రొమ్ము కేన్సర్లలో కొందరికి వాడతారు.

అయితే అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండవచ్చు. "అంట్లు తోమడం వల్లేలే" అని సరిపెట్టుకోకండి. వెంటనే డాక్టరుగారికి చెబితే మోతాదో, గడువో సర్దుతారు.