విత్తు బొంబాయిలో, పంట లండన్‌లో

పార్లమెంటులో సంస్కృతి శాఖ పద్దుపై చర్చ జరగడం అరుదు. గడువు ముగిసే రోజున ఇతర శాఖల పద్దులతో పాటు గిలటిన్ కింద అదీ ఆమోదం పొందుతుంది. అందువల్ల కళాకారులకు శిక్షణ ఇచ్చే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న సభలో దాదాపు వినిపించదు. సోప్రానో గాయని పాట్రీషియా రొజారియో జీవితాన్ని పరిశీలిస్తే ఆ ప్రశ్న ఎంత అవసరమో బోధపడుతుంది.

ఆమె 1960లో బొంబాయిలో జన్మించారు. ఆ నగరంలో రాయల్ ఒపేరా హౌస్ ఉంది. 1911లో అయిదవ జార్జి చక్రవర్తి దానిని ప్రారంభించాడు. కాని రొజారియో బాల్యం నాటికి అది సినిమా హాలుగా మారిపోయింది! పేరులో ఒపేరా మిగిలింది, నేర్పే విద్యాలయం మాత్రం లేదు. గోవా, బొంబాయి క్రైస్తవ కుటుంబాలలో చర్చి గానం ద్వారా పాశ్చాత్య సంగీతం తరతరాలుగా వినిపిస్తూనే ఉన్నది. అయితే వినికిడి వేరు, వృత్తి శిక్షణ వేరు.

ఒపేరా అంటే ఆద్యంతం గానంతో నడిచే నాటకం. గాయని మైకు లేకుండా, పెద్ద వాద్యబృందాన్ని దాటి, చివరి వరుస ప్రేక్షకునికి వినిపించాలి. మన పద్య నాటక నటుల సాధన ఎరిగినవారికి ఇందులోని కష్టం వేరుగా చెప్పనక్కరలేదు. శ్వాసపై అదుపు, ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచి భాషల ఉచ్చారణ, నటన - ఇవన్నీ ఏళ్ల తరబడి గురువు ఎదుట నేర్వవలసినవి. రొజారియో అందుకై లండన్ వెళ్లి గిల్డ్‌హాల్ విద్యాలయంలో చేరారు. అక్కడ స్వర్ణ పతకం సాధించారు. జాన్ టావనర్ వంటి ప్రసిద్ధ స్వరకర్త ఆమె కంఠాన్ని దృష్టిలో ఉంచుకొని అనేక రచనలు చేశారు. ఆయన రచించిన ‘మేరీ ఆఫ్ ఈజిప్ట్’ ఒపేరాను 1992లో ఆల్డెబరో ఉత్సవంలో ప్రదర్శించినపుడు ప్రధాన పాత్ర ఆమెదే. 2001లో బ్రిటన్ ఆమెకు ఓ.బి.ఇ. గౌరవం ఇచ్చింది.

బీద దేశానికి ఈ పరాయి కళ దేనికని అడిగేవారు లేకపోలేదు. వయొలిన్ కూడా ఐరోపా నుంచి వచ్చినదే. విజయనగరం సంస్థానాధీశులు 1919లో సంగీత కళాశాల నెలకొల్పి, ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి వయొలిన్ ఆచార్య పదవి ఇచ్చారు. ఆ వాద్యం నేడు తెలుగువారికి పరాయిది కాదు. బడి, గురువు, పోషణ ఉన్నచోట పరాయి విద్య సొంతమవుతుంది. అవి లేనిచోట సొంత బిడ్డ పరాయి దేశానికి పోవలసి వస్తుంది.

రొజారియో ఈ లోటును మరచిపోలేదు. 2009లో భర్త, పియానో విద్వాంసుడు మార్క్ ట్రూప్‌తో కలిసి ‘గివింగ్ వాయిస్ టు ఇండియా’ పేరిట ఇక్కడి యువ గాయకులకు శిక్షణ ప్రారంభించారు. 1993లో మూతపడిన ఒపేరా హౌస్ 2016లో తిరిగి తెరుచుకున్నపుడు అక్కడ కచేరీ చేసినవారు ఆమెయే. భవనం బాగుపడింది, సంతోషమే. కాని ఆ వేదికపై రేపు పాడవలసిన పిల్లలకు ఏడాది పొడవునా పాఠం చెప్పేదెవరు? విదేశం నుంచి వచ్చిపోయే ఒక దంపతుల ఉదారత మీద ఎంతకాలం ఆధారపడగలం? గిలటిన్ పడేలోగా ఏ సభ్యుడైనా లేచి అడగవలసిన ప్రశ్న ఇది.