ఎయిర్ రైఫిల్‌కి తక్కువ బడ్జెట్‌లో స్కోప్: ఏది కొనాలి, ఎలా బిగించాలి?

ఎయిర్ రైఫిల్ కొన్న వెంటనే అందరూ చేసే పనే నేనూ చేశా. ఆన్‌లైన్‌లో స్కోప్‌లు వెతికి, ఎక్కువ జూమ్ ఉన్నదాన్ని ఆర్డర్ పెట్టేశా. పూతలపట్టు దగ్గర మా మామిడి తోపులో మట్టి గట్టుకి పేపర్ టార్గెట్ ఆనించి కాల్చడం మొదలుపెట్టా. మొదటి రోజు సూపర్. తర్వాతి ఆదివారానికి పెల్లెట్లన్నీ మూడు వేళ్ల వెడల్పు కిందకి పడుతున్నాయి. నా గురి బాలేదనుకున్నా, తర్వాత గన్నే బాలేదనుకున్నా. చివరికి రెయిల్ మీద పెన్సిల్‌తో గీత పెట్టి 20 షాట్లు కాల్చి చూస్తే, మౌంట్ వెనక్కి జరిగిపోయింది! తప్పు గన్‌ది కాదు, నేను డబ్బు మిగుల్చుకున్న మౌంట్‌ది.

అందుకే ఒక్క మాట ముందే చెప్పేస్తా. బడ్జెట్ తక్కువైతే జూమ్‌లో తగ్గండి, మౌంట్‌లో మాత్రం తగ్గకండి.

ముందు మీకు స్కోప్ అవసరమా?

పోటీల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆడాలనుకుంటే స్కోప్ వద్దు. ఆ ఈవెంట్‌లో టెలిస్కోపిక్ సైట్‌కి పర్మిషనే లేదు. మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది పీప్ సైట్‌తోనే. ఈ ఆర్టికల్ సరదాగా పేపర్ టార్గెట్లు కాల్చేవాళ్ల కోసం.

స్ప్రింగ్ గన్‌తో ఉన్న చిక్కు

బడ్జెట్ ఎయిర్ రైఫిల్స్‌లో ఎక్కువ శాతం స్ప్రింగ్ గన్‌లే. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకి దూకుతుంది, గన్ వెనక్కి తంతుంది. పిస్టన్ చివర ఆగగానే గన్ మళ్లీ ముందుకి లాగుతుంది. అంటే ఒకే షాట్‌లో రెండు వైపులా కుదుపు. మామూలు తుపాకీ కుదుపు వెనక్కి మాత్రమే. అందుకే పెద్ద రైఫిల్‌కి చేసిన మంచి స్కోప్ కూడా స్ప్రింగ్ గన్ మీద లోపల వదులైపోవచ్చు. కొనేటప్పుడు వివరాల్లో "ఎయిర్‌గన్ రేటెడ్" అని ఉందా లేదా చూడండి. పీసీపీ గన్‌కి కుదుపు దాదాపు ఉండదు కాబట్టి వాళ్లకి ఈ భయం లేదు.

ప్యారలాక్స్: ఎవరూ అడగని స్పెక్

బైక్ వెనక కూర్చుని పక్కనుంచి స్పీడోమీటర్ ముల్లు చూస్తే, నడిపేవాడికి కనిపించే నంబర్ మీకు కనిపించదు కదా? స్కోప్‌లో జరిగేదీ అదే. కన్ను కొంచెం పక్కకి జరిగితే క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జరిగినట్టు కనిపిస్తుంది. మామూలు స్కోప్‌లని ఎక్కువగా 100 గజాలకి సెట్ చేస్తారు. మనం కాల్చేది 10 నుంచి 30 మీటర్లు. అందుకే ముందు లెన్స్ దగ్గర తిప్పే రింగ్ ఉండి, 10 గజాల వరకు దించగలిగే స్కోప్ తీసుకోండి. దీన్ని ఏఓ అంటారు. ఏఓ లేని 3-9×40 కన్నా ఏఓ ఉన్న 3-9×32 మనకి మేలు. దానికీ బడ్జెట్ చాలకపోతే సింపుల్ 4×32 చాలు.

బిగించే పద్ధతి

1. గన్‌లో పెల్లెట్ లేదని చూసుకోండి. రెయిల్ మీద ఆయిల్ పొడి గుడ్డతో పూర్తిగా తుడవండి.

2. రెయిల్ సైజు చూడండి. ఎయిర్ రైఫిల్స్‌కి ఎక్కువగా 11 మి.మీ డవ్‌టెయిల్ ఉంటుంది. వెడల్పాటి పికాటినీ మౌంట్ దీనికి పట్టదు. రింగ్ సైజు కూడా స్కోప్ ట్యూబ్‌కి (1 అంగుళం లేదా 30 మి.మీ) సరిపోవాలి.

3. స్ప్రింగ్ గన్‌కి స్టాప్ పిన్ ఉన్న వన్‌పీస్ మౌంట్ కొనండి. పిన్ రెయిల్ మీది రంధ్రంలో కూర్చోవాలి. నేను మొదట వదిలేసింది ఇదే.

4. జూమ్ ఫుల్ పెట్టి, కళ్లు మూసుకుని గన్ భుజానికి ఆనించి, చెంప పెట్టి, కళ్లు తెరవండి. నల్ల అంచు లేకుండా ఫుల్ సర్కిల్ కనిపించే వరకు స్కోప్‌ని ముందుకీ వెనక్కీ జరపండి.

5. ఒక దారానికి రాయి కట్టి 10 మీటర్ల దూరంలో వేలాడదీయండి. గన్ పక్కకి వంగకుండా పట్టుకుని, నిలువు గీత దారంతో కలిసేలా స్కోప్ తిప్పండి.

6. స్క్రూలు ఒకేసారి బిగించకండి. ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా, అలెన్ కీ పొట్టి వైపు పట్టుకుని బిగించండి. మరీ ఎక్కువ బిగిస్తే ట్యూబ్ నొక్కుకుపోతుంది.

జీరో చేయడం

ఒక్క షాట్ చూసి క్లిక్‌లు తిప్పకండి. 10 మీటర్ల దగ్గర ఐదు షాట్లు కాల్చి, ఆ గుంపు మధ్యని చూడండి. పావు ఎంఓఏ క్లిక్ అంటే 100 గజాల దగ్గర పావు అంగుళం, 10 మీటర్ల దగ్గర సుమారు 0.7 మి.మీ. గుంపు 14 మి.మీ కింద పడితే "అప్" వైపు 20 క్లిక్‌లు. చివర్లో రెయిల్ మీద మౌంట్ అంచు దగ్గర పెన్సిల్ గీత పెట్టండి. రేపు గుంపు జరిగితే మొదట ఆ గీత చూడండి, క్లిక్‌లు తర్వాత.

ఇది మాత్రం మర్చిపోవద్దు

మన దేశంలో 20 జౌల్స్ దాటని .177 ఎయిర్ రైఫిల్‌కి ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. అలాగని బొమ్మ కాదు. తోటలోకి నెమళ్లు వస్తాయి, వాటి మీదకి గన్ ఎత్తితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసే. స్కోప్‌లో కనిపించేది చిన్న వృత్తం మాత్రమే. ఆ వృత్తం బయట ఆవు ఉందో, పిల్లోడు ఉన్నాడో అది చూపించదు. జరిగిపోయిన స్కోప్ అయితే పెల్లెట్ ఎక్కడికి పోతుందో కూడా చెప్పదు. నా టార్గెట్ వెనక మట్టి గట్టు ఉంది కాబట్టి, ఆ ఆదివారం తప్పిన పెల్లెట్లన్నీ మట్టిలోనే ఆగాయి.

కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే వరుస ఇదీ: మొదట మౌంట్, తర్వాత ఏఓ, ఆ తర్వాతే జూమ్. మట్టి గట్టు ఫ్రీ, అది మాత్రం అన్నిటికన్నా ముందు.