పది క్లాసుల్లో గోల్ఫ్ ఎంత వస్తుంది?

కొత్తగా నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు క్లబ్ సరిగ్గా పట్టుకోకముందే అడుగుతారు: "కోచ్ గారూ, పది క్లాసులైతే ఎన్ని తగ్గుతాయి?" స్కోరు గురించి. బంతిని ఎంత తక్కువ దెబ్బల్లో గుంతలో వేస్తే అంత గొప్ప ఆట ఇది. 18 గుంతలకు సాధారణంగా 72 దెబ్బలు పార్, అంటే ఆరితేరినవాళ్లకు పట్టాల్సిన లెక్క. వారానికోసారి ఆడేవాళ్లు వంద దాటడం మామూలే.

నేను హైదరాబాద్‌లో క్యాడీగా బ్యాగులు మోస్తూ ఈ ఆట నేర్చుకున్నాను. ఆఫీసర్లు, డాక్టర్లు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మేనేజర్లు కొట్టేది వెనక నిలబడి చూస్తూ వచ్చాను. అందుకని నా జవాబు ఎప్పుడూ ఒకటే. పాఠం వల్ల మీ మంచి షాటు ఇంకా గొప్పది కావడం తర్వాతి మాట. ముందు మీ చెడ్డ షాటు కాస్త తక్కువ చెడ్డదవుతుంది. స్కోరు తగ్గేది అక్కడే. బంతి హద్దు దాటిందంటే ఒక దెబ్బ జరిమానా, పైగా మళ్లీ మొదటిచోటి నుంచే కొట్టాలి. అదే బంతి గడ్డి గుబుర్లో ఆగితే, తిట్టుకుంటూనైనా అక్కడి నుంచి ఆడుకోవచ్చు.

మనవాళ్లకు సాధారణంగా ఉండే జబ్బు స్లైస్. కుడిచేతి వాటం వాళ్లు కొట్టిన బంతి గాల్లో కుడివైపు వంకర తిరిగిపోతుంది. మనలో చాలామంది క్రికెట్ ఆడి వచ్చినవాళ్లే కదా, బలంగా బాదాలని భుజాలు ముందే తిప్పేస్తారు. దాంతో క్లబ్ బయటి నుంచి లోపలికి అడ్డంగా వస్తుంది, దాని ముఖం కుడివైపు తెరుచుకుని ఉంటుంది. డ్రైవర్ అనే పొడవాటి క్లబ్ బంతిని తాకి ఉండేది సెకనులో దాదాపు రెండువేలవ వంతు. అంతలో చేత్తో సర్దుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే నేను మొదలుపెట్టేది స్వింగ్‌తో కాదు, గ్రిప్‌తో, నిలబడే తీరుతో.

గ్రిప్ కొద్దిగా మార్చానంటే చాలు, "సార్, చేతులు నావి కానట్టున్నాయి" అంటారు. ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే మార్పు కంటికి ఆనదు. ఒంటికి మూరెడు మారినట్టు అనిపించేది వీడియోలో అంగుళమే ఉంటుంది. ఈ తేడాకు అలవాటు పడేదాకా క్లబ్ బంతి పైభాగానికి తగులుతుంది, లేదంటే క్లబ్ ముందే నేలను తవ్వుతుంది. రెండు మూడు వారాలు స్కోరు పెరుగుతుంది కూడా. చాలామంది పాఠాలు మానేసేది సరిగ్గా అప్పుడే. మానేసి యూట్యూబ్‌లో ఇంకో ముగ్గురు గురువుల్ని పట్టుకుంటారు.

ఈ వెనకడుగు పెద్దవాళ్లకూ తప్పలేదు. ఇంగ్లండ్ ఆటగాడు నిక్ ఫాల్డో అప్పటికే యూరప్‌లో పేరున్నవాడు. అయినా 1985లో కోచ్ డేవిడ్ లెడ్‌బెటర్ దగ్గర స్వింగ్ మొత్తం విప్పి మళ్లీ కట్టుకున్నాడు. రెండేళ్లు గెలుపులు కరువయ్యాయి. 1987లో మ్యూర్‌ఫీల్డ్‌లో ఓపెన్ టోర్నీ గెలిచాడు, చివరి రౌండ్‌లో 18 గుంతలకు 18 పార్లు కొట్టి. టైగర్ వుడ్స్ 1997 మాస్టర్స్ 12 దెబ్బల తేడాతో గెలిచాక కూడా బుచ్ హార్మన్‌తో స్వింగ్ మార్చుకున్నాడు. 1998లో పీజీఏ టూర్‌లో అతనికి దక్కింది ఒక్క గెలుపే. 2000లో మేజర్లనే పెద్ద టోర్నీలు మూడు గెలిచాడు. రోజంతా ఇదే పనిగా ఉన్నవాళ్లకే అంత కాలం పట్టింది. మరి ఆదివారం పొద్దున మాత్రమే వచ్చే మనకు?

మీరు ఏ మెట్టు మీద ఉన్నారన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది. 120 కొట్టేవాళ్లు క్రమంగా సాధన చేస్తే కొన్ని నెలల్లో పది దెబ్బలు తగ్గడం నేను చాలాసార్లు చూశాను. వంద నుంచి తొంభైకి రావాలంటే డ్రైవర్ పక్కన పెట్టి, గుంత ఉండే గ్రీన్ చుట్టుపక్కల నుంచి చిన్నగా కొట్టే చిప్పింగ్ మీద, గ్రీన్ మీద బంతిని దొర్లించే పుట్టింగ్ మీద కూర్చోవాలి. 85 నుంచి 80కి రావడానికి ఏళ్లు పట్టొచ్చు. అక్కడ ఏడాదికి ఒక్క దెబ్బ తగ్గినా నేను అభినందిస్తాను. దూరం విషయంలో ఇంకా నిజం చెప్పాలి: అరవై దాటినవాళ్లకు నేను నిలకడ ఇవ్వగలను, పాతికేళ్ల నడుము ఇవ్వలేను.

హ్యాండీక్యాప్, అంటే ఆటగాడి స్థాయి చెప్పే అంకె, వెంటనే కదల్లేదని కూడా దిగులుపడతారు. ఇప్పటి పద్ధతిలో చివరి 20 రౌండ్లలో మంచివి 8 తీసి సగటు కడతారు. వారానికో రౌండ్ ఆడితే ఆ 20 పూర్తిగా మారడానికి దాదాపు ఐదు నెలలు. పాత ఆట అంతకాలం లెక్కల్లో ఉంటుంది. అందుకని నా విద్యార్థుల చేత మూడే రాయిస్తాను: ఎన్ని జరిమానాలు పడ్డాయి, ఎన్ని గ్రీన్ల మీద మూడు పుట్లు పట్టాయి, ఎన్నిసార్లు బంతికి ముందు నేల తగిలింది. స్కోరు కంటే ముందు తగ్గేవి ఇవే.

ఆశ ఎక్కడ ఆపాలో తెలియాలంటే ప్రొఫెషనల్స్‌ను చూడండి. టూర్ ఆటగాళ్లు ఎనిమిది అడుగుల పుట్ వేసేది సుమారు సగం సార్లే. లెక్క ప్రకారం చేరాల్సిన దెబ్బల్లో చేరని గ్రీన్లు వాళ్లకూ మూడింట ఒకటి ఉంటాయి. ఎనిమిది అడుగుల నుంచి తప్పినందుకు పుటర్ నేలకేసి కొట్టే మేనేజర్ గారికి నేను ఈ లెక్కే చెబుతాను.

సాధన ఎలా అన్నది కూడా ముఖ్యమే. సెవెన్ ఐరన్‌తో వరసగా యాభై బంతులు కొడితే యాభయ్యోది అందంగా పోతుంది. కోర్సు మీద ఆ అవకాశం రాదు, ప్రతి షాటూ ఒక్కసారే. కాబట్టి కొత్త గ్రిప్ చేతికి అలవాటయ్యాక క్లబ్ మారుస్తూ, గురి మారుస్తూ కొట్టండి. సాధన చేసే రేంజ్‌లో ఆట అధ్వానంగా కనిపిస్తుంది, కోర్సుకు మాత్రం పనికొస్తుంది.

ఇక పది క్లాసుల మాట. పాఠానికీ పాఠానికీ మధ్య వారానికి రెండుసార్లైనా రేంజ్‌కు రాలేనివాళ్లు పది క్లాసుల ప్యాకేజీ తీసుకోవద్దు. రెండు క్లాసులు తీసుకోండి: ఒకటి గ్రిప్, నిలబడే తీరు కోసం, రెండోది పుట్టింగ్ కోసం. మిగిలిన డబ్బుతో రౌండ్లు ఆడుకోండి. వీలు చిక్కేవాళ్లు రెండు వారాలకొక పాఠం, పాఠానికి ఒకే మార్పు చొప్పున ఆరు నెలలు ఓపిక పట్టండి. ఒకే గంటలో అయిదు తప్పులు సరిచేస్తానన్న కోచ్ దొరికితే, ముందు అతన్నే మార్చండి.