వార్తల్లో పదం: మూడ్ ట్రాకింగ్

ఏ రోజు మనసు ఎలా ఉందో ఒక అంకె వేసి రాసుకోవడమే మూడ్ ట్రాకింగ్. 2023లో ఐఫోన్ హెల్త్ యాప్‌లోనూ ఈ సదుపాయం వచ్చింది. దీనికి ఫోనే కావాలనేం లేదు. హైదరాబాద్ గౌలిగూడ దుకాణాల్లో పొద్దుపోయాక షట్టర్ దించేవాళ్లు అమ్మకాల లెక్కతోపాటు ఆ రోజు మనసుకు పదికి ఎన్ని మార్కులో రాసుకున్నా చాలు. పక్కన నిద్ర ఎన్ని గంటలు, ఆకలి ఎలా ఉంది, ఎవరితోనైనా మాట్లాడారా అన్నదీ రాయాలి. నా దృష్టిలో అంకె కన్నా ఇవే ముఖ్యం. తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన పని మీదా ఆసక్తి పోవడం కుంగుబాటుకు తొలి గుర్తులు కావచ్చు.

ఒక్క రోజు దిగులు జబ్బు కాదు. దాదాపు రోజూ, రెండు వారాలు అలాగే ఉంటే డాక్టర్‌ని కలవాలి. కుంగుబాటును అంచనా వేయడానికి వైద్యులు వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే పూర్తి పరీక్ష అవసరం. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు మాత్రం ఒక్క మార్కు వచ్చినా మొత్తం ఎంత వచ్చిందో చూడకుండా వెంటనే సాయం అందాలి.

అలాంటి సాయానికి హైదరాబాద్‌లోనే ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఫోన్‌లో మానసిక సాయం అందించేందుకు 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ సేవ టెలి-మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.