పెరటికోళ్ళు ఒకదాని యీకలొకటి పీకుట

ఇంటి పెరటిలో పదియో పన్నెండో కోళ్ళను పెంచుకొను సభ్యులు మన సంఘములలో చాలమంది గలరు. వానిపై వచ్చు ఆదాయము సామాన్యముగా ఇల్లాలి చేతిసొమ్ము. ఉప్పు పప్పులును, పిల్లల పుస్తకములును ఆ గ్రుడ్ల డబ్బులోనే గడచిపోవును. అట్టి కోళ్ళలో ఒకదానికి తోక యూడి, వెనుకభాగము బోసియై, నెత్తురు చిమ్ముచు కనబడినప్పుడు ఇంటిల్లిపాదికిని మనస్సు చివుక్కుమనును. తెగులేమోయని భయపడి అయినకాడికి అమ్మివేయువారే యెక్కువ. మేమును ఒకప్పుడట్లే చేసి నష్టపోయితిమి. కావున ముందుగా ఆ సంగతి చెప్పి, పిమ్మట తక్కిన విషయములలోనికి వచ్చెదము.

మా పెరటిలో పదునొకండు పెట్టలును ఒక పుంజును ఉండెడివి. అవి పగలెల్ల విడిగా తిరిగి మునిమాపున గూటికి చేరుకొనెడివి. తొలకరి వానలు పడగనే పొరుగువారు తమ దొడ్డిలో వంగనారు, మిరపనారు పోసికొనిరి. మా కోళ్ళు మళ్ళను గీరి పాడుచేయుచున్నవని ఆ యింటి వదినెగారు రెండుమారులు వచ్చి చెప్పిరి. మూడవమారు చెప్పలేదు, వాడిన నారును గోడమీదుగా మా వాకిట పడవైచిరి. న్యాయము వారివైపుననే యున్నది. అందుచే కోళ్ళనన్నిటిని గూటిముందు అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల చోట వలకట్టి మూసి, నూకలును నీళ్ళును పెట్టుచుంటిమి.

పదునైదు దినములు గడువకమునుపే ఒక యెఱ్ఱపెట్టకు తోకమొదట ఈకలు పోయినవి. మొదట ముంగిస పని యనుకొంటిమి. తరువాత ఈకలు రాల్చు కాలము వచ్చినదేమో యనుకొంటిమి. తుదకు తెగులని నిశ్చయించి, సంతలో దాని వెనుకభాగము చూపియే సగము ధరకు అమ్మితిమి. వారము తిరుగకముందే మఱియొక పెట్టకు అదే గతి పట్టెను. అప్పుడుగాని కూర్చుండి చూడవలెనను బుద్ధి మాకు పుట్టలేదు. ఒకనాటి మధ్యాహ్నము నీడను పీట వేసికొని గంటసేపు కదలక చూచితిమి. ఈక చెక్కుచెదరక నిగనిగలాడు నల్లపెట్ట యొకటి యుండెను; దానిని చూచి మేము మురియుచుండెడివారము. అదియే మెల్లగా ముందుదాని వెనుకకు చేరి, ఒక యీకను పట్టి లాగి, మ్రింగివైచెను. లాగించుకొన్నది తొలుత అరచి తప్పుకొనెను. నాలుగవమారు అరవనైనలేక నిలిచిపోయెను. మేము అమ్మినది దెబ్బతిన్నదానిని. దెబ్బకొట్టుదానిని ఇంట నుంచుకొని మేపుచుంటిమి! మందలో ఒంటినిండ ఈకలున్న కోడిపైననే ముందుగా అనుమానపడవలెనని ఆనాడు తెలిసెను.

ఇది పోట్లాట కాదు. కోళ్ళలో పెద్దచిన్న వరుస యున్న మాట నిజమే. ఏది ముందు మేతకు రావలెనో, ఏది తప్పుకొనవలెనో ముక్కుపోట్లచేతనే తేలును. నార్వే దేశీయుడగు షెల్డరప్ ఎబ్బె యను పండితుడు ఈ వరుసను శ్రద్ధతో గమనించి 1922లో ప్రకటించెను. మన అవ్వలకు అంతకుముందే తెలిసియుండును. ఆ పోట్లు తలమీదను జుట్టుమీదను పడును. ఈకలు పీకుట వేఱు. నేలను గీరి, పొడిచి, గింజను పురుగును వెదకుకొనుట కోడికి పుట్టుకతో వచ్చిన పని. బయట తిరుగు కోడి పగటివేళలో పెద్దభాగము ఆ పనిలోనే గడపును. గీరుటకు నేలయు, వెదకుటకు వస్తువును లేనప్పుడు ఆ ముక్కు ప్రక్కనున్న కోడి యీకలపైకి పోవును. ఒకటి నేర్చినచో తక్కినవి దానిని చూచి నేర్చుకొనును. చర్మము చిట్లి నెత్తురు కనబడెనా, మందయంతయు ఆ యెఱుపుమీదనే పడి కోడిని చంపివేయుటయు గలదు.

కావున ఈకలు పోయిన తావును ముందు చూడవలెను. తలయు మెడయు గాయపడినచో అది పోట్లాట. పెట్టలకు వీపు నడుమను, రెక్కల మొదళ్ళయందును ఈకలు అరిగినచో అది పుంజు ఎక్కుటచే కలిగినది. పది పెట్టలకు ఒక పుంజు చాలును, రెండవదానిని తీసివేయవలెను. ఏడాది కొకమారు వచ్చు ఈకలు రాల్చుట సామాన్యముగా తల మెడలనుండి మొదలై క్రిందికి దిగును. గాయముండదు, ముండ్లవంటి క్రొత్త యీకలు మొలచుచుండును, గ్రుడ్లు నిలిచిపోవును. దానికి మందక్కఱలేదు, మంచి మేత కావలెను. కాని యా క్రొత్త యీకల మొదళ్ళలో నెత్తురుండును గనుక, ఆ దినములలో పీకుడు మొదలుకాకుండ కనిపెట్టియుండవలెను. తోకమొదటను, గ్రుడ్డు వెడలు ద్వారము చుట్టును బోసియైనచో అది పీకుడే. అక్కడి యీకలను విడదీసి పేలున్నవేమో చూడవలెను. ఈకల మొదళ్ళయందు తెల్లని గ్రుడ్లు గుంపులుగా అంటుకొనియుండును. కొన్ని యెఱ్ఱని సన్నపురుగులు పగలు గూటి పగుళ్ళలో దాగి రాత్రి వచ్చి నెత్తురు త్రాగును. వానిని చీకటిపడిన తరువాత దీపముతో వెదకవలెను. దురదచే కోడి తన్ను తాను పొడుచుకొనగా ఆ గాయమును చూచి తక్కినవి తగులుకొనును.

మా కోళ్ళకు రెండు లోపములుండెను. మొదటిది చోటు. కోడి యొకటికి గూటిలో రెండు చదరపుటడుగులైన ఉండవలెను. పగలు బయటికి పోనివానికి అంతకు ఎన్నియో రెట్లున్నను ఎక్కువ కాదు. మేము ఒకటింపావు అడుగు మాత్ర మిచ్చితిమి. రెండవది మేత. ఈకలో నూటికి ఇంచుమించు 85 పాళ్ళు మాంసకృత్తులే. గ్రుడ్లు పెట్టు కోడి మేతలో నూటికి 16 పాళ్ళ మాంసకృత్తు లుండవలెను. నూకలలో ఉండునది ఎనిమిది పాళ్ళ లోపు. విడిగా తిరుగునప్పుడు కోడి ఆ లోటును పురుగులతోను, చెదలతోను, ఆకులతోను తానే పూడ్చుకొనును. మూసిపెట్టినప్పుడు మనము పూడ్వవలెను.

మేమిప్పుడు పది కిలోల మేతకు నూకలు, జొన్నలు కలిపి అయిదున్నర కిలోలు, తవుడు రెండు కిలోలు, వేరుశెనగచెక్క ఒక కిలో, నువ్వులచెక్క ఒక కిలో, పొడిచేసిన ఎండుచేప అరకిలో చొప్పున కలుపుచున్నాము. నువ్వులచెక్క మానరాదు. ఈక పెరుగుటకు కావలసిన మెథియొనిన్ అను గంధకాంశము గల పదార్థము వేరుశెనగచెక్కలో తక్కువ, నువ్వులచెక్కలో ఎక్కువ. బూజుపట్టిన వేరుశెనగచెక్క విషము, పశువునకైనను పెట్టరాదు. ఉప్పు చాలకున్నను కోళ్ళు పీకుకొనును. పది కిలోలకు 30 గ్రాములు చాలును. ఎండుచేప ఉప్పుచేపయైనచో వేఱుగా ఉప్పు వేయరాదు, ఎక్కువైన ఉప్పు కోడిని చంపును. గుల్లపొడిని వేఱొక మూకుడులో పెట్టినచో కావలసినది తినును.

నల్లపెట్టను పట్టి వేఱుగా గంపక్రింద మూసితిమి. గాయపడినదానిని మఱియొకచోట నుంచి, పుండును ఉప్పునీళ్ళతో కడిగి, పసుపు కలిపిన వేపనూనె పూసితిమి. ఆవరణమును ముమ్మడింతలు చేసి, నేలపై నాలుగంగుళముల ఊకయు ఎండుటాకులును పఱచి, ఉదయపు గింజలను తొట్టిలో వేయక ఆ యాకులలో చల్లితిమి. ఆ గింజలకై గీరుటలోనే వానికి పూటంతయు గడచిపోయెను. తోటకూరకట్టను, మునగాకును తలకు కొంచెము ఎత్తున వ్రేలాడగట్టితిమి. ఒక మూలను ఇసుకయు కట్టెలబూడిదయు కలిపిన గుంట త్రవ్వితిమి. అందు పొరలాడుటచే పేలు తగ్గును. పెద్దకోళ్ళు తొట్టిని ఆక్రమించుచుండెను గనుక దూరముగా రెండవ తొట్టి పెట్టితిమి. గ్రుడ్లు పెట్టు గంపలను చీకటిమూలకు మార్చితిమి. గ్రుడ్డు పెట్టిన వెంటనే ఎఱ్ఱగా తేలియుండు ద్వారము వెలుతురులో తక్కినవాని కంట పడరాదు.

పొరుగింటి నారుకు మరల విత్తనములు మేమే కొనియిచ్చితిమి. వారు మళ్ళమీద ముండ్లకంప కప్పిరి. ప్రొద్దుగ్రుంకుటకు గంటముందు కోళ్ళను విడుచుటకు ఒప్పుకొనిరి. ఆ వేళను విడిచిన కోడి దూరము పోదు, చీకటిపడగనే గూటికి వచ్చును.

రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధనాలయము రూపొందించిన వనరాజ, గ్రామప్రియ పిల్లలను తెచ్చుకొనువారికి ఒక మాట. వానిని మొదటి ఆఱువారములు వెచ్చని చోట మూసి పెంచవలసియుండును. బల్బు వెలుతురు తీవ్రమై, వేడి హెచ్చి, పిల్లలు పెరిగినకొలది చోటు పెంచకున్నచో అవి కాలివ్రేళ్ళను పొడుచుకొనుటతో ప్రారంభించును. పెద్దషెడ్లలో పీకుడు మాన్పుటకు ముక్కుకొనను కాల్చి కత్తిరింతురు. పెరటికోడి కది తగదు. మేత వెదకుటకును, పిల్లలను కాచుకొనుటకును దానికి ముక్కే ఆధారము. ద్వారము వెలికివచ్చిన కోడినిగాని, పుండులో పురుగులు పడినదానినిగాని ఇంటివైద్యముతో కాలయాపన చేయక పశువైద్యునికి చూపవలెను.

పది దినములలో నెత్తురు కనబడుట మానెను. ఊడదీసిన యీకలు కొన్ని వారములలో మరల మొలచినవి. విఱిగిన మోళ్ళు మాత్రము మఱుసటి యేటి రాల్పు వఱకు అట్లే నిలిచినవి. నల్లపెట్టను రాత్రివేళ మందలో కలిపి చూచితిమి. నాలుగుదినములు బుద్ధిగానుండి, అయిదవనాడు మరల పాతపని ప్రారంభించెను. దానిని మామిడితోటలో కోళ్ళను విడిచి పెంచు మా మేనల్లునకు ఇచ్చివైచితిమి. అక్కడ అది రోజంతయు ఆకులక్రింద చెదలను వెదకుచు తిరుగుచున్నదనియు, ఏ కోడిని ముట్టలేదనియు, ఈ మధ్యనే తొమ్మిది పిల్లలను లేపినదనియు అతడు చెప్పెను.